ఒకే ఫ్యాన్ హెడర్ నుంచి ఆరు కేబినెట్ ఫ్యాన్లను నడపడం, అదుపు చేయడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నా కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఫ్యాన్ల కోసం రెండే హెడర్లు (ఫ్యాను ప్లగ్గు పెట్టే పిన్నుల వరుసలు) ఉన్నాయి. ఒకటి ప్రాసెసర్ కూలర్‌కు పోగా, కేబినెట్ ఫ్యాన్లకు మిగిలింది నాలుగు పిన్నుల హెడర్ ఒక్కటే. కేబినెట్‌లో మాత్రం ఆరు ఫ్యాన్లు బిగించి ఉన్నాయి. ముందువైపు గాలిని లోపలికి లాగేవి మూడు, వెనుక ఒకటి, పైభాగంలో రెండు. ముందువీ వెనుకదీ ఒకే రకానికి చెందిన నాలుగు వైర్ల ఫ్యాన్లు. పైన ఉన్న రెండూ పాత కంప్యూటర్ నుంచి తీసిన మూడు వైర్లవి. ప్రస్తుతం ముందున్న వాటిలో ఒకదాన్ని హెడర్‌కు కలిపి, మిగతా అయిదింటికీ పవర్ సప్లై నుంచే నేరుగా కరెంటు ఇస్తున్నాను. అందువల్ల అవి పని ఉన్నా లేకున్నా పూర్తి వేగంతో తిరుగుతూ ఒకటే చప్పుడు చేస్తున్నాయి.

ఆ హెడర్ గరిష్ఠంగా 1 ఆంపియరు, అంటే 12 వాట్లు ఇవ్వగలదని మదర్‌బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంది. నాలుగు వైర్ల ఫ్యాన్ల మీద ఒక్కోదానికి 0.18 ఆంపియర్లని, మూడు వైర్ల వాటి మీద 0.20 ఆంపియర్లని ముద్రించి ఉంది. ఒక కొనను అనేక కొనలుగా విడదీసే స్ప్లిటర్ కేబుళ్లతో ఆరింటినీ ఆ ఒక్క హెడర్‌కే కలిపితే ఒక్కో ఫ్యానుకు అందే వోల్టేజి తగ్గిపోతుందా? బయోస్‌లో (కంప్యూటర్ మొదలవగానే నడిచే బోర్డు అమరికల ప్రోగ్రాములో) కనిపించే వేగం ఏ ఫ్యానుది అవుతుంది? మూడు వైర్లవీ నాలుగు వైర్లవీ ఒకే చోట కలపవచ్చా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు ముడిపడి ఉన్నాయి కాబట్టి ముందు వాటిని విడదీద్దాం. ఫ్యాన్లను తిప్పే కరెంటు ఎక్కడి నుంచి రావాలన్నది ఒకటి. అవి ఎంత వేగంతో తిరగాలో చెప్పే సంకేతం ఎక్కడి నుంచి రావాలన్నది మరొకటి. నాలుగు పిన్నుల హెడర్‌లో మొదటి పిన్ను గ్రౌండ్, రెండోది 12 వోల్టులు, మూడోది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకు తెలియజేసే ట్యాకో సంకేతం, నాలుగోది బోర్డు ఫ్యానుకు వేగాన్ని నిర్దేశించే పీడబ్ల్యూఎం సంకేతం. ఈ నాలుగూ ఒకే ప్లగ్గులో ఉన్నంత మాత్రాన నాలుగూ ఒకే చోటి నుంచి రావాలన్న నియమం లేదు.

ఇక వోల్టేజి సంగతి. స్ప్లిటర్ కేబుల్ ఫ్యాన్లను సమాంతరంగా కలుపుతుంది గనుక ప్రతి ఫ్యానుకూ అదే 12 వోల్టులు అందుతుంది, పంచుకోవడమంటూ ఉండదు. కూడేది కరెంటు. మీ లెక్క ప్రకారం నాలుగు ఫ్యాన్లకు 0.72, రెండింటికి 0.40, మొత్తం 1.12 ఆంపియర్లు. హెడర్ పరిమితి 1 ఆంపియరు. తేడా చిన్నదిగా కనిపించినా నేను మాత్రం ఈ కలయికను వద్దనే అంటాను, ఎందుకంటే ఆ 1.12 కూడా ఫ్యాన్లు నిలకడగా తిరుగుతున్నప్పటి అంకె కావచ్చు. ఆగి ఉన్న మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, తిరుగుతున్నప్పటి కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. నాలుగు వైర్ల ఫ్యాన్లకు ఇంటెల్ రూపొందించిన నిర్దేశాల్లో కూడా ఈ రెంటికీ వేర్వేరు పరిమితులు ఉన్నాయి. ఒక ఫ్యాను నిలకడగా తీసుకోదగిన కరెంటు 1.5 ఆంపియర్లు కాగా, మొదలయ్యేటప్పుడు ఒక సెకను మించకుండా 2.2 ఆంపియర్ల వరకు తీసుకోవచ్చు. మీరు మీట నొక్కగానే ఆరు ఫ్యాన్లూ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి ఆ అదనపు భారమంతా ఒకేసారి హెడర్ మీద పడుతుంది.

ఫ్యాను మీద ముద్రించే అంకెను అన్ని కంపెనీలూ ఒకే అర్థంలో వాడవు. కొందరు నిలకడగా తిరిగేటప్పటి విలువను రాస్తారు, కొందరు గరిష్ఠ విలువను రాస్తారు. అనుమానం ఉంటే మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో ఉంచి, 12 వోల్టుల వైరుకు మధ్యలో కలిపి కొలవడమే నమ్మదగిన పద్ధతి. ఫ్యాన్ల మధ్య తేడాలు కూడా పెద్దవే. నాక్టువా కంపెనీ 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లనే చూస్తే, ఎన్‌ఎఫ్‌-ఎ12x25 పీడబ్ల్యూఎం రకం 0.14 ఆంపియర్లు తీసుకుంటే, నిమిషానికి 3000 చుట్లు తిరిగే పారిశ్రామిక రకం 0.30 ఆంపియర్లు తీసుకుంటుంది. అందుచేత ఒక హెడర్‌కు ఎన్ని ఫ్యాన్లు కలపవచ్చని అడిగితే ఒక అంకె చెప్పడం కుదరదు. ఏ ఫ్యాన్లన్నది తెలియాలి. హెడర్ పరిమితిలో మూడింట రెండు వంతులకు మించకుండా చూసుకోవడం నా అలవాటు. ఆ లెక్కన మీ హెడర్ మీద నాలుగు వైర్ల ఫ్యాన్లు మూడు నిశ్చింతగా నడుస్తాయి, నాలుగోది పరిమితిలోనే ఉన్నా అంచుకు దగ్గరగా ఉంటుంది, ఆరు మాత్రం వద్దు.

పరిమితి దాటితే ఏమవుతుందన్నది బోర్డును బట్టి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో కరెంటు ఎక్కువైతే హెడర్ తనంతట తానే ఆగిపోయే రక్షణ ఉంటుంది. అది లేని బోర్డుల్లో హెడర్‌కు కరెంటు అందించే భాగం కాలిపోవచ్చు, అప్పుడు మీకున్న ఒక్క హెడర్ కూడా పోతుంది.

రెండో సమాధానం

కరెంటు గురించి పైన చెప్పినదంతా సరైనదే గనుక నేను సంకేతాల సంగతి చెబుతాను.

నాలుగు వైర్ల ఫ్యానుకు 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగానే అందుతూ ఉంటాయి. వేగాన్ని మార్చేది నాలుగో వైరు మీద సుమారు 25 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో వచ్చే పల్సులు. ప్రతి పల్సులో సంకేతం ఎంత భాగం పైస్థాయిలో ఉందన్నదాన్ని బట్టి ఫ్యానులోని సర్క్యూట్ మోటారు వేగాన్ని సర్దుతుంది. నిర్దేశాల ప్రకారం ఈ పౌనఃపున్యం 21 నుంచి 28 కిలోహెర్ట్జ్ మధ్య ఉండాలి. మనిషి చెవికి అందే పరిధికి పైన ఉంచడం వల్ల సన్నని కూత వినపడదు. ఈ వైరును పైస్థాయిలో నిలిపే పని ఫ్యానుదే, బోర్డు దాన్ని కిందికి లాగుతుంది. కాబట్టి నాలుగో వైరు ఊడిపోతే ఫ్యాను ఆగిపోదు, పూర్తి వేగంతో తిరుగుతుంది. ఈ సంకేతానికి కావలసిన కరెంటు ఫ్యానుకు 5 మిల్లీఆంపియర్లకు మించదు కాబట్టి ఒకే సంకేతాన్ని అనేక ఫ్యాన్లకు పంచడం కరెంటును పంచడమంత కష్టం కాదు.

ట్యాకో సంకేతాన్ని మాత్రం పంచడానికి వీలు లేదు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే రెండు పల్సులు పంపుతుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాను నుంచి సెకనుకు 40 పల్సులు వస్తాయి, బోర్డు వాటిని లెక్కపెట్టి వేగాన్ని చూపుతుంది. రెండు ఫ్యాన్ల పల్సులు ఒకే వైరు మీదికి వస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు. అందుకే సరిగా తయారైన స్ప్లిటర్‌లో ఒక్క కొనకే నాలుగు పిన్నులూ ఉంటాయి, మిగతా కొనల్లో మూడో పిన్ను ఉండదు. బయోస్‌లో కనిపించే వేగం ఆ నాలుగు పిన్నుల కొనకు కలిపిన ఫ్యానుదే. అన్ని కొనలకూ నాలుగేసి పిన్నులున్న స్ప్లిటర్ దొరికితే, ఒక కొన మినహా మిగతా వాటిలో మూడో వైరును తీసేసి వాడండి.

మీకు అసలు ఇబ్బంది మూడు వైర్ల ఫ్యాన్లతోనే. వాటికి నాలుగో వైరు లేదు కాబట్టి పీడబ్ల్యూఎం సంకేతం చేరదు. వాటి వేగాన్ని తగ్గించాలంటే 12 వోల్టులనే తగ్గించి ఇవ్వాలి. చాలా బోర్డుల బయోస్‌లో హెడర్‌ను పీడబ్ల్యూఎం పద్ధతిలోనో వోల్టేజినే మార్చే డీసీ పద్ధతిలోనో పెట్టుకునే వీలుంటుంది. పీడబ్ల్యూఎంలో పెడితే మూడు వైర్లవి పూర్తి వేగంతోనే తిరుగుతాయి. డీసీలో పెడితే ఆరూ నెమ్మదిస్తాయి, కానీ నాలుగు వైర్ల ఫ్యాన్లు తక్కువ వోల్టేజి వద్ద మొదలవుతాయో లేదో వాటి తయారీని బట్టి ఉంటుంది, కరెంటు పరిమితి కూడా అలాగే ఉంటుంది. రెండు రకాలనూ ఒకే హెడర్‌కు కలపవద్దని నా సలహా.

మూడో సమాధానం

ఇంత ఆలోచించవలసిన అవసరం ఉందా అని నా సందేహం. ఫ్యాను తీసుకునే శక్తి దాని వేగానికి ఘనంగా మారుతుంది కదా. సగం వేగంతో తిరిగితే గాలిని తోయడానికి కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బయోస్‌లో గరిష్ఠ వేగాన్ని 70 శాతానికి పరిమితం చేస్తే ఆరు ఫ్యాన్లూ కలిసి అర ఆంపియరు కూడా తీసుకోవు. స్ప్లిటర్ ఒక్కటి చాలు, అనేక ఫ్యాన్లను ఒకచోట కలిపే హబ్బులూ అదనపు కేబుళ్లూ ఎందుకు?

మొదటి సమాధానం ఇచ్చినవారు

నిలకడగా తిరిగేటప్పటి వరకు మీ లెక్క సమంజసమే. అయితే ఆ 70 శాతం పరిమితి అమలులోకి రావాలంటే బయోస్ మొదలై, వేగాన్ని నియంత్రించే చిప్‌కు ఆ ఆదేశం అందాలి. మీట నొక్కిన తర్వాత అంతవరకు గడిచే కొద్దిపాటి కాలంలో చాలా బోర్డులు ఫ్యాన్లను పూర్తి వేగంతోనే నడుపుతాయి. కంప్యూటర్ పెట్టగానే ఒకసారి గట్టిగా హోరెత్తి తర్వాత నెమ్మదించడం చాలామంది గమనించే ఉంటారు. మొదలయ్యే కరెంటు, పూర్తి వేగపు కరెంటు రెండూ పడేది సరిగ్గా ఆ సమయంలోనే. పైగా బయోస్‌ను అప్‌డేట్ చేసినా, బోర్డు మీది బ్యాటరీ అయిపోయినా అమరికలన్నీ మొదటికి వస్తాయి. సాఫ్ట్‌వేర్ అమరిక మీద ఆధారపడి విద్యుత్ పరిమితిని దాటడం నాకు సమ్మతం కాదు. ఆరూ తక్కువ కరెంటు తీసుకునే ఫ్యాన్లై, మొత్తం 0.6 ఆంపియర్ల లోపు ఉంటే నేనూ స్ప్లిటర్ చాలనే చెప్పేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరి వివరణకూ, ఆ తర్వాతి చర్చకూ కృతజ్ఞతలు. అలాగైతే పవర్ సప్లై నుంచి కరెంటు తీసుకునే హబ్ వాడటమే మార్గమని నాకు అర్థమవుతోంది. హబ్‌కు కలిపితే మూడు వైర్ల ఫ్యాన్ల సమస్య కూడా తీరుతుందా? లేకపోతే వాటిని 12 వోల్టుల వైరుకూ 5 వోల్టుల వైరుకూ మధ్య కలిపి 7 వోల్టులతో నడపవచ్చని ఒకరు చెప్పారు, అది మంచిదేనా? హబ్‌లో ఏ ఫ్యాను వేగం బోర్డుకు చేరేలా పెట్టుకోవాలో కూడా చెప్పండి.

నాలుగో సమాధానం

కరెంటు బయటి నుంచి తీసుకునే పీడబ్ల్యూఎం హబ్ మీకు సరిపోతుంది. అందులో 12 వోల్టులు, డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా పవర్ కనెక్టరు నుంచి వస్తాయి. మదర్‌బోర్డు హెడర్ నుంచి దానికి వచ్చేవి ప్రధానంగా రెండు సంకేతాలే, ఒకటి అందరికీ పంచే పీడబ్ల్యూఎం, రెండోది ఒక్క ఫ్యాను నుంచి తిరిగి వెళ్లే ట్యాకో. హెడర్‌లోని 12 వోల్టుల పిన్నును ఇటువంటి హబ్ వాడుకోదు. ఎవరైనా సొంతంగా వైర్లు అతికి ఇటువంటిది చేసుకోదలిస్తే ఈ ఒక్క విషయంలో జాగ్రత్తపడాలి. హెడర్ 12 వోల్టులనూ పవర్ సప్లై 12 వోల్టులనూ ఒకదానితో ఒకటి కలపకూడదు, గ్రౌండ్ మాత్రం ఉమ్మడిగా ఉండాలి.

సాటా పవర్ కనెక్టరులో 12 వోల్టుల కోసం మూడు పిన్నులు ఉంటాయి, ఒక్కోదానికి 1.5 ఆంపియర్ల చొప్పున మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. మీ ఆరు ఫ్యాన్లకు కావలసింది దాదాపు 13.5 వాట్లు. కాబట్టి పవర్ సప్లైతో వచ్చిన సాటా కేబుల్ నుంచి నేరుగా కలిపితే ఏ బెంగా అక్కర్లేదు. పాతకాలపు నాలుగు పిన్నుల పెద్ద కనెక్టరు నుంచి సాటాకు మార్చే చవక అడాప్టర్లను మాత్రం వాడకండి. ముఖ్యంగా ప్లాస్టిక్‌ను కరిగించి వైర్ల మీద పోసి అచ్చు తీసిన రకంలో లోపలి వైర్లు జరిగి ఒకదానికొకటి తగిలి, కరిగిపోయిన, నిప్పంటుకున్న సందర్భాలు తెలిసినవే. ఫ్యాన్లు తీసుకునే కరెంటు తక్కువే అయినా, షార్ట్ అయ్యాక ప్రవహించేది ఫ్యాన్ల కరెంటు కాదు, పవర్ సప్లై ఇవ్వగలిగినదంతా.

మూడు వైర్ల ఫ్యాన్ల సమస్య మామూలు హబ్‌తో తీరదు. హబ్ ఇచ్చేది ఎప్పుడూ మారని 12 వోల్టులు కాబట్టి అవి అక్కడా పూర్తి వేగంతోనే తిరుగుతాయి. పీడబ్ల్యూఎం సంకేతాన్ని చదివి దానికి అనుగుణంగా వోల్టేజిని తగ్గించి ఇచ్చే హబ్బులు వేరే ఉన్నాయి. కొనే ముందు వివరాల్లో ఆ మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి. ఇక 7 వోల్టుల పద్ధతి పాతదే, పనిచేస్తుంది కూడా, కానీ అందులో ఫ్యాను కరెంటు గ్రౌండ్‌కు పోకుండా 5 వోల్టుల లైనులోకి తిరిగి వెళ్తుంది. ఆ లైను మీద ఇతర పరికరాలు అంతకంటే ఎక్కువ కరెంటు లాగుతున్నంత వరకు ఏమీ కాదు. లేకపోతే అక్కడి వోల్టేజి పెరిగే ప్రమాదం ఉంది. ఫ్యాను లోపల షార్ట్ అయితే 12 వోల్టులు నేరుగా 5 వోల్టుల పరికరాల మీదికి వెళ్తాయి. హార్డ్ డిస్కులున్న కంప్యూటర్‌లో నేనైతే ఆ జోలికి పోను. ఒక రెసిస్టరు ఇమిడి ఉండి వేగాన్ని స్థిరంగా తగ్గించే చిన్న కేబుళ్లు దొరుకుతాయి. పైనున్న రెండింటికీ అవి చాలు. పైగా మీ కేబినెట్‌కు పైన రెండు ఫ్యాన్లు నిజంగా అవసరమా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. వాటిని ఆపేసి, పని పూర్తి స్థాయిలో నడుస్తున్నప్పుడు ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో చూస్తే సంగతి తేలిపోతుంది.

వైర్ల రంగుల విషయంలో ఒక మాట. నాలుగు వైర్ల ఫ్యాన్లలో నలుపు గ్రౌండ్, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ ట్యాకో, నీలం పీడబ్ల్యూఎం అన్నది వాడుకలో ఉన్న క్రమం. అయితే మూడు వైర్ల ఫ్యాన్లలో చాలావాటికి ఎరుపు 12 వోల్టులు, పసుపు ట్యాకో. అంటే ఒకదానిలో కరెంటు మోసే రంగే మరొకదానిలో సంకేతం మోస్తుంది. అన్ని వైర్లూ నల్లగా ఉండే ఫ్యాన్లు కూడా ఉన్నాయి. కాబట్టి రంగును నమ్మి అతకవద్దు, కనెక్టరులో పిన్ను స్థానాన్ని చూసి అతకండి.

రెండో సమాధానం ఇచ్చినవారు

ట్యాకో ఏ ఫ్యానుకు ఇవ్వాలన్న ప్రశ్న మిగిలిపోయింది. హబ్‌లో సాధారణంగా 1 అని గుర్తు పెట్టిన, లేదా వేరే రంగులో ఉన్న ఒక్క చోటి నుంచే వేగం బోర్డుకు చేరుతుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే బోర్డు సున్నా చూపుతుంది, కొన్ని బోర్డులు ఫ్యాను తిరగడం లేదని హెచ్చరిస్తాయి కూడా. అక్కడ వెనుక ఫ్యాను పెట్టుకోండి. ముందున్న మూడింటిలో ఒకటి ఆగినా మిగతా రెండు కొంతవరకు నెట్టుకొస్తాయి గానీ వెనుకది ఒక్కటే ఉంది, పైవి తీసేస్తే దాని ప్రాముఖ్యం ఇంకా పెరుగుతుంది. మిగతా మూడింటిలో ఏది ఆగిపోయినా బోర్డుకు తెలియదన్న సంగతి గుర్తుంచుకుని అప్పుడప్పుడు కేబినెట్ తెరిచి చూసుకోవాలి. ఈ కారణం చేతనే హబ్‌ను ప్రాసెసర్ ఫ్యాను హెడర్‌కు కలిపి కూలర్‌ను కూడా అందులోకి తేవాలన్న ఆలోచన పెట్టుకోవద్దు. కూలర్ ఫ్యాను ఆగితే బోర్డు హెచ్చరించే ఏర్పాటు ఆ హెడర్ మీదే ఆధారపడి ఉంటుంది.

వేగాన్ని దేని ఆధారంగా మార్చాలన్నది కూడా ముఖ్యమే. ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక బ్రౌజర్ తెరిచినా క్షణంలో ఎగసి మళ్లీ పడిపోతుంది. కేబినెట్ ఫ్యాన్లను దానికి ముడిపెడితే అవి అస్తమానం పెరుగుతూ తగ్గుతూ, నిలకడగా వచ్చే చప్పుడు కంటే ఎక్కువ చిరాకు కలిగిస్తాయి. బయోస్‌లో వీలుంటే బోర్డు ఉష్ణోగ్రతను ఆధారంగా ఎంచుకోండి, లేదా వేగం మారడానికి పట్టే వ్యవధిని కొన్ని సెకన్లకు పెంచండి. లినక్స్ వాడేవారైతే ఎల్‌ఎమ్‌-సెన్సర్స్ ప్యాకేజీ ద్వారా వేగాలను చూడవచ్చు, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్, ఫ్యాన్‌కంట్రోల్ అనే సాధనాలతో అదుపు చేయవచ్చు.

అన్నీ బిగించిన తర్వాత బయోస్‌లో వేగాన్ని 30, 60, 100 శాతాల వద్ద ఒక్కొక్కసారి నిలిపి చూడండి. మూడు స్థానాల్లోనూ హబ్‌కు కలిపిన నాలుగు వైర్ల ఫ్యాన్లన్నీ వేగం మార్చుకోవాలి. హబ్ కలిపాక 30 శాతం వద్ద కూడా అన్నీ జోరుగానే తిరుగుతుంటే ముందుగా హెడర్ పీడబ్ల్యూఎం పద్ధతిలో ఉందో లేదో చూడండి. అది సరిగానే ఉంటే, అన్ని ఫ్యాన్ల నుంచి వచ్చే కరెంటును తట్టుకుని ఆ సంకేతపు వైరును బోర్డు చాలినంత కిందికి లాగలేకపోతోందేమోనని అనుమానించాలి. తక్కువ స్థాయిగా లెక్కలోకి రావాలంటే ఆ వోల్టేజి 0.8 మించకూడదు. అప్పుడు హబ్ నుంచి ఫ్యాన్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ, ఎక్కడ వేగం తగ్గడం మొదలైందో చూస్తే కారణం దొరుకుతుంది. సంకేతాన్ని తనలోనే బలపరిచి పంపే హబ్ అయితే ఈ ఇబ్బంది రాదు.